మసి అంటని పెంకులు

దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు లాక్కొని గోడకు ఆనుకోండి, నడుముకు సుఖంగా ఉంటుంది. చంటిపిల్ల ఉంటే ఒళ్ళో వేసుకోండి. మధ్యలో లేచిపోతే మాత్రం మళ్ళీ మొదటి నుంచి చెప్పను. మా సిద్దిపేట పక్కన మట్టి కింద రెండు వేల ఏండ్లకు అటూ ఇటూగా ఒక పాత అంగడి ఉండేదని మీరు ఎవరి నోటనో వినే ఉంటారు. అది అంగడేనని మొదట కనిపెట్టింది ఎవరో మాత్రం విని ఉండరు. మా అత్త. నేను పక్కనే ఉన్నాను.

నా చదువు అక్షరాలు కూడబలుక్కునే వరకే. జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. చింతమడక నుంచి సిద్దిపేట కుమ్మరివాడకు కోడలిగా వచ్చి అప్పటికి మూడేండ్లు. జర్మనీ లడాయి జరుగుతున్న రోజులవి. గాసునూనె దొరకడం కష్టం, కట్టుకోను బట్ట దొరకడం ఇంకా కష్టం. మట్టికి మాత్రం కొదువ లేదు కాబట్టి మా ఇంట్లో పని ఆగలేదు. నా పెనిమిటి కావడిలో కుండలు పెట్టుకొని తొగుట దాకా ఊళ్ళు తిరిగేవాడు, అందుకని ఈ కథలో మీకు కనబడడు. ఇంట్లో ఉండేది అత్త, మామ, నేను.

మామది ఎడమచేతి వాటం. సారె మీద నుంచి దించిన పచ్చికుండకు లోపల గుండ్రాయి ఆనించి, బయట నుంచి చెక్కతో కొడుతూ పలచన చేస్తారు కదా, ఆ చెక్కను మామ ఎడమచేత్తో పట్టేవాడు. వాడలో వాళ్ళకు అదొక నవ్వులాట.

"ఎడమచేతోని కుండల నీళ్ళు సల్లగయితయా?" అనేవారు.

మామ నవ్వి ఊరుకునేవాడు. అత్త ఊరుకునేది కాదు. "నీ ఇంట్ల కుడిచేతోని కుండ ఉంది గదా, నీ నోరెందుకు సల్లగ లేదు?" అని అక్కడికక్కడే అప్పజెప్పేది.

ఊరికి అరకోసు దూరంలో ఒక దిబ్బ ఉండేది. పాటిగడ్డ అనేవాళ్ళం. ఎప్పటివో ఇండ్లు కూలి, పొయ్యిల బూడిద, పశువుల పెంట అన్నీ కలిసి మురిగి బూడిదరంగుకు తిరిగిన మన్ను పాటిమన్ను. పొలానికి అంత బలం ఇంకే ఎరువులోనూ లేదంటారు. ఆ దిబ్బ మా ఊరి పటేలుది. ఎండాకాలం వచ్చిందంటే ఆయన బండ్లు వరసకట్టి ఆ మన్నును పొలాలకు తోలేవి. తాతల కాలం నుంచి తోలి తోలి దిబ్బ నడుమ పెద్ద గుంత పడింది. ఆ మన్నుతో పాటు ఏం పోతున్నదో ఎవరూ చూడలేదు. చూసే పనేమున్నది, జొన్న ఏపుగా వస్తున్నది కదా.

ఆ ఏడు దసరా వానలు వెనక్కి తగ్గగానే హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చి దిబ్బ మీద గుడారాలు వేశాడు. సర్కారు తరఫున పాత ఊరును తవ్వి చూస్తాడట. ఊరంతా నవ్వుకున్నది, ఉన్న ఇండ్లు కురుస్తుంటే కూలిన ఇండ్లు లేపుతాడట అని. కూలికి మాత్రం అందరం పోయాం. మగవాళ్ళు గడ్డపారలు, ఆడవాళ్ళం గంపలు. సారు చేతి కింద ఒక మేస్త్రీ. ఆయన మా అందరినీ అదిలించేవాడు, సారు ముందు మాత్రం పిల్లిలా ఉండేవాడు.

మా అత్త కూలి కోసమే రాలేదు. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది.

కుండలు కాల్చే ఆవం ఎట్లా పేరుస్తారో మీకు తెలుసు కదా. పచ్చికుండలు వరసలు వరసలుగా పేర్చి, పైన పగిలిన పెంకులు కప్పి, దాని మీద గడ్డి పరిచి, ఆ మీద మెత్తటి బురద మెత్తుతారు. పెంకులు ఎక్కడివైనా ఒకటే చాలామందికి. మా ఇంట్లో అట్లా కాదు. పొయ్యి ఎక్కి మసి అంటిన పెంకు మా అత్తకు ఎంగిలి పెంకు. ఎవరో వండుకొని తిన్న కుండ, ఇంకా పుట్టని కుండ మీద పడుకోవద్దు అనేది. వాళ్ళ అత్త అదే అనేదట. అందువల్ల మసి లేని పెంకు కోసం మా ఇంట్లో ఎప్పుడూ వెతుకులాటే. మా ఆవంలో పలిగినవే దిక్కు, ఆవంలో పలిగితే ఇంటికి నష్టం. ఇదొక తిప్పలు.

తవ్వకం దగ్గర పెంకులు గుట్టలు గుట్టలుగా బయటపడ్డాయి. మూతి ఉన్నవి, గీతలూ బొమ్మలూ ఉన్నవి సారు పెట్టెల్లోకి పోయేవి. వట్టి పెంకులు బయట కుప్పలో పడేవి. మొదటి వారమే అత్త మేస్త్రీని అడిగింది.

"అయ్యా, గీ పారబోసిన పెంకులు రెండు గంపలు తీస్కపోదునా?"

"తీస్కపో. కూరొండుకుంటవా ఏంది?" అన్నాడు ఆయన.

ఇక రోజూ పొద్దు వాలేముందు అత్త కుప్ప దగ్గర గొంతుక్కూర్చునేది. ఆమె వేళ్ళు పెంకుల మీద పేలాలు ఏరినట్టు ఆడేవి. మసి ఉన్నది ఇటు, మసి లేనిది గంపలోకి. ఇద్దరం చెరొక గంప ఎత్తుకొని ఇంటికి వచ్చేవాళ్ళం. అట్లా నెల దినాలు.

ఆ నెలలో దిబ్బ కింద నుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ముందు మూరెడు పొడుగు ఇటుకలతో కట్టిన గోడలు. నా ముంజేయి పక్కన పెట్టి చూశాను, ఒక్కొక్క ఇటుక దాని కంటే పొడుగు. తరువాత మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బావి. ఆ ఒరలను చూసి అత్త, "మనోళ్ళ పనే" అని గట్టిగా అన్నది, అందరికీ వినబడాలని. ఆ తరువాత, పటేలు బండ్లు తవ్విన గుంతకు ఆనుకొని, ఒక నేల బయటపడింది. మొరం, గులకరాళ్ళు కలిపి దిమ్మిస కొట్టిన నేల. ఎంత ఊడ్చినా ఇంకా వస్తూనే ఉన్నది, నడుమ అడ్డగోడ అన్నదే లేదు. రెండు దిక్కుల నుంచి రెండు బాటలు వచ్చి అందులో కలిశాయి.

సారు మొహం వెలిగిపోయింది. మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"గిది ఒక్కని జాగ కాదనిపిస్తుంది నాకు. ఊరు ఊరంత కూడే చౌకు. ఇండ్లు మస్తు దొరికినయి మాకు వేరే కాడ. చౌకు దొరుకుడు గొప్ప. కానీ సబూత్ కావాలె, సాక్ష్యం. శుక్రవారం నాడు మా మీది పెద్ద సాబు వస్తడు. చౌకని చూపిస్తే హద్దురాళ్ళు పాతి కాపాడుతరు. ఇల్లే అని తేలితే, పూడ్చి వాపస్ ఇచ్చెయ్యుమంటడు."

వాపసు అంటే ఎవరికో మాకు తెలుసు. పటేలు బండ్లు అప్పుడే కందెన పెట్టుకొని సిద్ధంగా ఉన్నాయి.

మంగళవారం పొద్దున నేను గంప దించుతుంటే సారు పెంకుల కుప్ప ముందు నిలబడి ఉన్నాడు. ఒక పెంకు తీసి చూస్తాడు, పడేస్తాడు. ఇంకొకటి తీస్తాడు, పడేస్తాడు. మేస్త్రీతో అన్నాడు.

"మసి, మసి, అంత మసే. గీడ దిక్కుకొక పొయ్యి ఉన్నట్టే. ఇంక చౌకెక్కడిది? ఎవడో పెద్దమనిషి ఇంటి వాకిలి గిది. ఇల్లే."

మేస్త్రీ నేల చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ నేల చూశాడు.

పగటి తిండి వేళ అత్తకు చెప్పాను. జొన్నరొట్టె తుంచి ఉల్లిగడ్డతో నోట్లో పెట్టుకోబోతున్నది.

"అత్తా, కుప్పల ఉన్నయన్ని మసిపెంకులేనట. అందుకని ఇది ఇల్లేనంటుండు సారు."

ఆమె చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మసి లేనియి ఏడికి పోయినయంటనే?"

"మన ఆవం మీదికి."

రొట్టెముక్కను మళ్ళీ బట్టలో పెట్టేసింది. "ఇల్లు గాదే ఇది," అన్నది తరువాత, మెల్లగా. "నాకు మొదటి వారమే ఎరుక. అంగడి ఇది."

"ఎట్ల ఎరుక?"

"ఇంట్ల కుండ పొయ్యెక్కినంక పలుగుతది. అంగట్ల కుండ దింపేటప్పుడు పలుగుతది, పేర్చేటప్పుడు పలుగుతది, బేరమాడి ఏలుతోని కొట్టి చూసేటప్పుడు పలుగుతది. పొయ్యి మొకం చూడకముందే. గా గోడలు కలిసే మూల నుంచి గంపలకు గంపలు మసి లేని పెంకులొచ్చినయి. గన్ని కుండలు కొని, వండకుండ పలగ్గొట్టుకునే ఇల్లు యాడన్న ఉంటదా?"

"మరి సారుకు చెప్పకపోతివి?"

"ఆయన అడిగిండా? అంత సదువు సదివినోనికి గింత ఎరుక లేదని నాకేమెరుక?"

ఇప్పుడు చిక్కు ఎక్కడున్నదో చూడండి. సాక్ష్యమంతా ఏరి ఏరి మా చేతులతోనే మోసుకొచ్చాం. చెబితే సర్కారు సొమ్ము ఎత్తుకుపోయిన వాళ్ళమవుతాం. తీసుకపొమ్మన్న మేస్త్రీ ఆ మాట అన్నానని ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు. చెప్పకపోతే ఆ నేలంతా పటేలు జొన్నచేనులో కలుస్తుంది. అన్నిటికీ మించి, ఆ పెంకులు ఆవం మీద ఉన్నాయి. ఆవం పేర్చి పసుపు కుంకుమ పెట్టడం అయిపోయింది. మరునాడు పొద్దున గడ్డి పరిచి బురద మెత్తి అగ్గి పెట్టాలి.

ఇంటికి రాగానే అత్త మామ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మామ వింటూ విడిచిన తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు.

"బొట్టు పెట్టిన ఆవం విప్పుతరానే ఎవరన్న?"

"అగ్గి పెట్టలే గదా ఇంక."

"మొగులు చూసినవా? తుంపర పడ్డదంటే పచ్చికుండలు మన్నయి కూసుంటయి. ఎవలదో అంగడి, ఎన్నడో పోయింది. మన అంగడి వారం వారం వస్తనే ఉంటది గదా."

అత్త ఆవం మీద నుంచి ఒక పెంకు తీసుకొచ్చి మామ ఎడమచేతిలో పెట్టింది. పెద్ద కాగు పెంకు అది. లోపలి వైపు గుండ్రాయి ఆనిన సొట్టలు వరసగా, చేపపొలుసుల్లా ఉన్నాయి.

"ఎటు వాలినయో చూడు," అన్నది.

మామ పెంకును తిప్పాడు. కుడిచేతి వేళ్ళు ఆ సొట్టల్లో ఒక్కొక్కటే పెట్టి చూశాడు. గాలిలోనే లోపలి రాయి పట్టినట్టు, ఎడమచేత్తో చెక్క ఎత్తినట్టు పట్టుకున్నాడు. "ఎడమచేతోడే," అన్నాడు.

"ఎడమచేతోని కుండ అంగడెక్కిందా లేదా? రెండు వేల ఏండ్ల కిందటి ఊరని గా సారే చెప్పిండు."

తెల్లవారగానే మామ ఆవం మీద మొదటి పెంకును తానే తీశాడు. ముగ్గురం కలిసి గంపలు నింపాం. పచ్చికుండల మీద ఇంట్లో ఉన్న ఈతచాపలు, గోనెసంచులు కప్పి మామ కాపలా కూర్చున్నాడు. మేము వాడలోని ఇంకొందరు ఆడవాళ్ళను తోడు తీసుకొని దిబ్బకు పోయాం.

అత్త తన గంపను సారు కాళ్ళ ముందు దించి మొత్తం చెప్పింది. మేస్త్రీ తీసుకపొమ్మన్నాడన్న మాట మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తరువాత అడిగితే, "ఆయనకూ పిల్లలున్నరు గదా" అన్నది.

సారు కోపంతో ఎర్రబడ్డాడు. "నెల దినాల మెహనత్ అవ్వా గిది. ఏ పెంకు ఏ మూలది, ఏ లోతుది, నాకెట్ల తెలుస్తది ఇప్పుడు? నువ్వు తెచ్చినయని చూపిస్తే పెద్ద సాబు నవ్వుతడు."

"నా గంపలను నమ్మకు సారూ. నేలను నమ్ము," అన్నది అత్త. రెండు పాత గోడలు కలిసే మూలకు నడిచింది. అక్కడ తవ్వకుండా ఒక గట్టు వదిలిపెట్టి ఉన్నారు. "గీడ తవ్వించు. కుండలోళ్ళు ఎడ్లు తిరిగే కాడ కూసోరు. ఎనుక గోడ, పక్కకు గోడ చూసుకొని మూలకు కూసుంటరు. ఎద్దు ఒక్క కాలు పెట్టిందంటే మా బతుకు పెంకులే గదా. సిద్దిపేట అంగట్ల మా అత్త అట్లనే కూసుండె, నేనూ అట్లనే కూసుంట. ఈ ఊరోళ్ళు గూడ గీ మూలకే కూసున్నరు."

"ఏం దొరకకపోతే?"

"దొరకకపోతే సర్కారు సొమ్ము ఎత్తుకపోయిన దొంగనని రాసుకో. దొరికితే గీడ కుమ్మరోళ్ళు కూసున్నరని రాసుకో. రెండిట్ల ఏది రాసినా నేను ఈడనే ఉంట."

సారు ఆమెను చూశాడు, మూలను చూశాడు, గడ్డపారల వాళ్ళను పిలిచాడు.

బుధవారమంతా మసే వచ్చింది. బూడిద, కాలిన ఎముకలు, నల్లటి పెంకులు. సారు ఆ మట్టిని చేతితో తీసి చూసి, ఊరు పాడుబడ్డాక వచ్చినవాళ్ళెవరో గోడ నీడన పొయ్యిలు పెట్టుకున్నారని చెప్పాడు. అసలు నేల ఇంకా కిందనే ఉన్నది. ఆ సాయంత్రం తుంపర పడింది. నాకు అటు ఆవం మీద ఒక కన్ను, ఇటు మూల మీద ఒక కన్ను. అత్త తల మీద కొంగు కప్పుకొని మూలనే చూస్తూ కూర్చున్నది.

గురువారం పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. లోపల తవ్వే మనిషి చెయ్యి ఆపి, "సారూ, గుండ్రంగ ఏందో ఉన్నది," అన్నాడు.

సారు దిగి, తన చేతి కుంచెను అత్తకు ఇచ్చాడు. "రా అవ్వా. నువ్వే తియ్యి."

మా అత్త చెప్పులు విడిచి దిగింది. నోటితో ఊదుతూ, కుంచెతో తుడుస్తూ, బాలింత బిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచింది. గురుగులు. మూతులు కిందికి పెట్టి, ఒకదాని మీద ఒకటి, గోడకు చేరగిలబెట్టి పేర్చిన చిన్నచిన్న కుండలు. ఏ గోడో కూలి మీద పడితే ఉన్నచోటనే నలిగిపోయాయి. ఒక్కదాని అడుగునా మసి లేదు. పక్కన మూకుళ్ళ దొంతర, దానికీ లేదు. మేము అంగట్లో ఇప్పటికీ అట్లాగే పేరుస్తాం, చూడండి కావాలంటే.

ఒక గురిగికి పొట్ట దగ్గర ముక్క లేదు. ఆ పక్కనంతా ముందే తవ్వి ఉన్నది కదా. నేను పైకెక్కి మేము తెచ్చిన గంపలు ఒలకబోసి వెతికాను. నాలుగో గంపలో దొరికింది. సారు దాన్ని ఆ గురిగికి ఆనించాడు. గీత కూడా కనబడనంతగా అతుక్కుంది. ఆయన ఆ ముక్కను పట్టుకొనే మా అత్తకు చేతులెత్తి దండం పెట్టాడు. పెద్ద చదువులాయన, సర్కారు మనిషి, కుమ్మరివాడ ఆడమనిషికి. మేస్త్రీ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

శుక్రవారం పెద్ద సాబు వచ్చాడు. సారు తాను చెప్పకుండా అత్తనే చెప్పమన్నాడు. ఆమె ఆ నేల మీద అటూ ఇటూ నడుస్తూ, అంగట్లో ఎవరి జాగ ఎక్కడుంటుందో చెప్పింది. పూసలు దొరికిన చోట, అక్కడ గాజులూ పూసలూ అమ్మేవాళ్ళు కూర్చుంటారు, నీడ పడని వెలుతురు వాళ్ళకు కావాలి అన్నది. ఒరల బావి దగ్గర కూరగాయలవాళ్ళు, నీళ్ళు చల్లుకోవాలి కదా. బాట కలిసే చోట ధాన్యం, బండి అక్కడి దాకే వస్తుంది. పెద్ద సాబు ఎవరినో రాయమని, తాను కూడా రాసుకున్నాడు. పేరు అడిగితే అత్త చెప్పలేదు.

"కుమ్మరోళ్ళని రాయుండ్రి. సాలు."

హద్దురాళ్ళు పాతారు. పటేలు వచ్చి వాటిని చూసి, నడుమ గుంతను చూసి, తన పొలాల వైపు చూశాడు. "సగం అంగడి నా జొన్నలల్ల కలిసినట్టుంది గదనే," అన్నాడు.

"కలిసింది పటేలా," అన్నది అత్త. "గందుకే ఈ ఊరోళ్ళకు బేరమాడే గుణం పోతలేదు."

పటేలు నవ్వాడు. ఆ వైపు ఆయన బండ్లు మళ్ళీ రాలేదు.

ఇక మా ఆవం సంగతి. చాపలు కప్పినా తుంపర ఒక పక్కకు దిగింది. ఆ పక్క పచ్చికుండలు జారి ముద్దయ్యాయి. గురువారం సాయంత్రం మేము ఇంటికి వచ్చేసరికి మామ చాపలు తీసి వాటిని ఎత్తి ఒక చోట కుప్పేస్తున్నాడు. అత్త మొహం చిన్నబోయింది.

"పోతే పోనియ్," అన్నాడు మామ. "మన్నే గదా. మళ్ళ తొక్కుత." తరువాత నెమ్మదిగా, వాడంతా వినేటట్టు, "ఇంతకు మూలకు దొరికిన గురుగులు గూడ ఎడమచేతోనియేనా?" అని అడిగాడు.

"గురుగులకు చెక్క దెబ్బ పెద్దగ పడదు, ఎట్ల ఎరుకయితది?" అన్నది అత్త. మామ మొహం చూసి, "గని పేర్పు చూస్తే నీ లెక్కనే ఉన్నది," అన్నది.

మిగిలిన కుండలు ఆ వారమే కాల్చాం. మసి లేని పెంకులు లేవు కాబట్టి, ముద్దయిన మన్నుతోనే మామ బిళ్ళలు చరిచి, ఆరబెట్టి, వాటినే కప్పాడు. ఎంగిలి పెంకు మాత్రం ఆవం మీదికి రానివ్వలేదు. తరువాతి అంగడి రోజున అత్త తన మూలలో, రెండు గోడల నడుమ, నడుము నిటారుగా పెట్టి కూర్చున్నది. కుండ కొట్టి చూసిన ప్రతి మనిషికీ చెప్పింది, రెండు వేల ఏండ్లుగా మా జాగ మూలనే అని. ఎడమచేతి కుండ గురించి ఆ తరువాత వాడలో ఎవరూ నవ్వలేదు.

ఆ మూలలోనే తరువాత నేను కూర్చున్నాను. ఇప్పుడు నా కోడలు కూర్చుంటున్నది.

విన్నారు కదా, ఇక లేవండి, మీ పొయ్యి మీద ఏదో ఉడుకుతున్నట్టుంది. అంగట్లో పలిగిన కుండ ఆకలి తీర్చకుండానే పోయింది, దాని బతుకు అంతే. మీ ఇంటి కుండలు మాత్రం పొయ్యి ఎక్కాలి, దినదినమూ ఎక్కాలి. వాటి అడుగున మసి తరతరాలకూ పోకుండా ఉండాలి. మీ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ వట్టి కడుపుతో తిరిగి పోవద్దు. మీ బిడ్డలు కుడిచేతివాళ్ళయినా, ఎడమచేతివాళ్ళయినా, వాళ్ళు చేసిన పని వాళ్ళ వెనక మట్టిలో కూడా చెక్కుచెదరకుండా నిలవాలి.